గుంటల లెక్కలో వర్గమూలాలు

దసరా సెలవులకు ఊరెళ్లినప్పుడు మా అన్నయ్య కూతురు హోంవర్క్ ముందేసుకుని అరుగు మీద కూర్చుంది. తొమ్మిదో తరగతి, వాస్తవ సంఖ్యల పాఠం. √72 × √98 ఎంత అని లెక్క. లోపలి సంఖ్యలు రెండూ గుణించి √7056 అని రాసింది, అక్కడిదాకా తప్పేమీ లేదు, కానీ ఆ తర్వాత పది నిమిషాలైనా పెన్ను కదల్లేదు. చివరికి నా ఫోన్ ఇమ్మంది. "ఎందుకు తల్లీ?" అంటే, "క్యాలిక్యులేటర్‌కి బాబాయ్, ఇది ఇక విడిపోయేలా లేదు" అంది.

విడిపోతుంది. కాకపోతే ముడి గట్టిగా బిగించాక విప్పాలని చూస్తే కష్టం, బిగించకముందే విప్పుకుంటే ఏ తిప్పలూ లేదు. 72 అంటే 36 రెళ్లు, 36 పరిపూర్ణ వర్గం (ఆరు ఆర్లు), కాబట్టి √72 అంటే 6√2. 98 అంటే 49 రెళ్లు, కాబట్టి √98 అంటే 7√2. ఇప్పుడు గుణించు. బయట 6, 7 కలిసి 42 అయ్యాయి, లోపల √2ని √2తో గుణిస్తే 2 వచ్చింది, మొత్తం 84. క్యాలిక్యులేటర్ అక్కర్లేదు, 7056కి వర్గమూలం వెతకాల్సిన పనీ లేదు.

పిల్ల కళ్లు పెద్దవి చేసి చూసింది. "మాకు ట్యూషన్‌లో ముందు గుణించమనే చెప్పారు" అంది. అదీ నాకు బాధ. సూత్రం సరిగ్గానే చెబుతున్నారు, √ గుర్తులు రెండూ కలిపేసి లోపల గుణించు అని, కానీ ఏది ముందు ఏది తర్వాత అనేది చెప్పట్లేదు. గుణించాక విప్పడం కాదు, విప్పాక గుణించాలి. వర్గమూలాల లెక్కల్లో సగం కష్టం ఈ ఒక్క మాటతో పోతుంది, మిగతా సగం గురించే ఈ పోస్టు.

ముందు ఆ సూత్రం ఎందుకు నిజమో చూద్దాం, ఎందుకంటే దాన్ని నమ్మకం మీద వదిలేసిన పిల్లలే తర్వాత కూడికకి కూడా అదే వాడేసి మునుగుతారు. √2 అంటే ఏమిటి? దాన్ని దానితోనే గుణిస్తే 2 వచ్చే ధన సంఖ్య, అంతకు మించి అందులో మర్మం లేదు. అలాగే √8ని దానితోనే గుణిస్తే 8. ఇప్పుడు √2 × √8 అనే మొత్తాన్ని ఒక ముద్దగా పట్టుకుని దాన్ని దానితోనే గుణించండి. గుణకారంలో వరస మార్చుకోవచ్చు కాబట్టి రెండు √2లు ఒక పక్క, రెండు √8లు ఒక పక్క చేరతాయి, 2 × 8 అంటే 16 వస్తుంది. వర్గం చేస్తే 16 వచ్చే ధన సంఖ్య √16, అంటే 4. అందుకని √2 × √8 = √16. ఇక్కడ వరస మార్చుకోవడం కుదిరింది కాబట్టే పని జరిగింది, అదే √2 + √8ని దానితోనే గుణిస్తే అలా రెండు పక్కలుగా విడిపోదు, మధ్యలో అదనపు పదాలు మిగులుతాయి.

మేమిలా మాట్లాడుకుంటుంటే నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. నాన్న చదువు ఐదో తరగతితో ఆగిపోయింది, కానీ పొలం లెక్క నోటి మీదే ఉంటుంది. "నాలుగు గుంటలు నలుచదరంగా ఉంటే పక్కకి ఇరవై రెండు గజాలు, అదేగా మీ లెక్క?" అన్నాడు. సరిగ్గా అదే. గుంట అంటే 121 చదరపు గజాలు, నలభై గుంటలైతే ఎకరం, 4840. (మన దగ్గర ప్లాటు మాట వస్తే 200 గజాలు అనేస్తాం, 'చదరపు' అనే మాట నోట్లోనే ఉండిపోతుంది. పొడవు గజం వేరు, వైశాల్యం గజం వేరు అని పిల్లలకి ఒకసారి చెప్పుకోవాలి.) 121 అంటే 11 పదకొండ్లు. అంటే ఒక్క గుంట నలుచదరంగా గీస్తే పక్క సరిగ్గా 11 గజాలు. నాలుగు గుంటలు 484, దాని వర్గమూలం 22. నాన్న చెప్పిన ఇరవై రెండు గజాలు పాత సర్వే గొలుసు పొడవు కూడా, 66 అడుగులు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం.

ఇక్కడే నాకు ఒక మంచి దారి దొరికింది. ఎన్ని గుంటలున్నా సరే, నలుచదరమైతే పక్క ఎంత? గుంటల సంఖ్యని 121తో గుణించి వర్గమూలం తీయాలి. కానీ 121 పరిపూర్ణ వర్గం కాబట్టి ముందే 11 అయి బయటికి వచ్చేస్తుంది, లోపల గుంటల సంఖ్య మాత్రం ఉంటుంది. అంటే పక్క ఎప్పుడైనా 11 సార్లు √గుంటలు. ఒక గుంటకి 11, నాలుగింటికి 22, తొమ్మిదింటికి 33, పదహారింటికి 44. మరి రెండు గుంటలకి? 11√2 గజాలు. మూడుకి 11√3. ఎనిమిదికి 11√8, కానీ 8లో 4 దాగి ఉంది, అది 2గా బయటికొస్తుంది, 22√2. ఎకరానికి 11√40, అందులోనూ 4 ఉంది, 22√10 గజాలు, దాదాపు 69.57. ఆంధ్రలో సెంట్లలో లెక్కేస్తారు కదా, సెంటు 48.4 చదరపు గజాలు, దాని పక్క 2.2√10 గజాలు. ఎకరం పక్కని, సెంటు పక్కని ఒకదాని కింద ఒకటి రాసి చూడండి, 22√10, 2.2√10. వంద సెంట్లు ఎకరం అయినా పక్క మాత్రం పది రెట్లే పెరిగిందని చూడగానే తెలుస్తుంది. 69.57, 6.957 అని దశాంశాల్లో రాస్తే ఆ పది రెట్లు కనిపిస్తాయి గానీ, ఆ సంఖ్యలు ఎక్కణ్ణుంచి వచ్చాయో కనిపించదు. √10 అని ఉంచితే పుట్టుక కూడా అందులోనే ఉంటుంది.

విప్పడం ఎలా అనేదానికి బళ్లో చెప్పే పద్ధతి బాగానే ఉంటుంది, ప్రధాన కారణాంకాలుగా విడగొట్టి జతలు చూడటం. 72 అంటే 2 × 2 × 2 × 3 × 3. రెండు రెళ్లు ఒక జత, రెండు మూళ్లు ఒక జత, ఒక 2 ఒంటరిగా మిగిలింది. ప్రతి జత నుంచి ఒకటి బయటికి వస్తుంది, జత లేనిది లోపలే ఉండిపోతుంది. 2 × 3 బయట, 2 లోపల, 6√2. పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు ఏమిటంటే 72ని 9 × 8గా చూసి 3√8 అని రాసి ఊరుకుంటారు. అది తప్పు కాదు, కానీ పని సగంలో ఆగింది, 8లో ఇంకా ఒక జత ఉంది. లోపల ఏ జతా మిగలకుండా పోయేదాకా తీస్తూనే ఉండాలి.

ఇంకో పొరపాటు దీనికంటే ముదురు. 2√3 × 5√6 అని ఇస్తే కొంతమంది బయటి 2ని లోపలి 6తో గుణించేస్తారు. బయటివాళ్లు బయటే, లోపలివాళ్లు లోపలే. 2, 5 కలిసి 10, √3, √6 కలిసి √18, అంటే 10√18, అందులో 9 ఉంది కాబట్టి అది 3గా బయటికి వచ్చి 30√2. బయటి సంఖ్యని లోపలికి పంపాల్సి వస్తే వర్గం చేసి పంపాలి. 2√3 అంటే √6 కాదు, √12. మా పిల్లకి దీన్ని గుంటలతోనే చెప్పాను. మూడు గుంటల చదరం పక్కని రెట్టింపు చేస్తే ఆరు గుంటల చదరం రాదు, పన్నెండు గుంటలది వస్తుంది, ఎందుకంటే పొడవూ రెట్టింపైంది, వెడల్పూ రెట్టింపైంది. "అవును, నాలుగు ముక్కలు పడతాయి" అని నాన్న నేల మీద వేలితో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసి చూపించాడు. ఆ రెండు గీతల తర్వాత ఆ పిల్ల ఆ తప్పు మళ్లీ చేయలేదు.

కూడిక దగ్గర అసలు గండం. √9 + √16 అంటే 3 + 4, 7. √25 అంటే 5. రెండూ ఒకటి కాదు. అయినా పరీక్షలో టెన్షన్‌గా ఉన్నప్పుడు చెయ్యి దానంతటదే గుర్తులు కలిపేస్తుంది. దీనికీ పొలమే మందు. నీకు తొమ్మిది గుంటల చదరం ఉంది, పక్క 33 గజాలు. నీ తమ్ముడికి పదహారు గుంటల చదరం, పక్క 44. ఇద్దరూ కలిపి ఇరవై ఐదు గుంటలు ఒకే చదరంగా మార్చుకుంటే పక్క 77 గజాలు వస్తుందా? రాదు, 55 వస్తుంది. 77 గజాల చదరం అంటే 49 గుంటలు, లేని ఇరవై నాలుగు గుంటలు ఎక్కణ్ణుంచి తెస్తావు? 33, 44, 55 చూశారా, పదకొండుతో భాగిస్తే 3, 4, 5. మేస్త్రీలు మూల తిన్నగా ఉందో లేదో చూడటానికి ఒక పక్క మూడడుగులు, ఇంకో పక్క నాలుగడుగులు గుర్తు పెట్టి మధ్యలో ఐదడుగులు వచ్చిందా అని టేపు పట్టి చూస్తారే, ఆ మూడు సంఖ్యలే.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త కూడా ఉంది. √ గుర్తు 1525లో క్రిస్టాఫ్ రుడాల్ఫ్ అనే జర్మన్ గణితజ్ఞుడి పుస్తకంలో మొదట అచ్చయింది, అప్పుడు దానికి పైన పడుకున్న గీత లేదు. ఆ గీత డెకార్ట్ 1637లో చేర్చాడు. గుర్తు ఎంతవరకు వర్తిస్తుందో చెప్పేది ఆ గీతే. 9 + 16 ముందు √ పెట్టి, గీత 9 మీదే ఆపితే ఒక జవాబు (19), 16 దాకా లాగితే ఇంకో జవాబు (5). నోట్‌బుక్‌లో గీత పొట్టిగా గీసి తర్వాతి లైన్‌లో అది ఎక్కడిదాకా ఉండాలో మరిచిపోయిన లెక్కలు నేను చాలా చూశాను.

మన భాషలో ఈ √2, √3 లాంటి వాటిని కరణులు అంటాం. ఈ మాట నాకు చాలా ఇష్టం. కరణి అంటే చేసేది. యజ్ఞవేదికలు కొలిచే శుల్బ సూత్రాల్లో తాడుతో చదరం చేయడం గురించి చెబుతూ, ఒక చదరం కర్ణం మీద ఇంకో చదరం గీస్తే దానికి రెట్టింపు వైశాల్యం వస్తుంది కాబట్టి ఆ కర్ణాన్ని ద్వికరణి అన్నారు, రెట్టింపు చేసేది అని. మన నాలుగు గుంటల చదరం తీసుకోండి, పక్క 22 గజాలు, మూల నుంచి మూలకి 22√2. ఇందాక ఎనిమిది గుంటల చదరానికి పక్క ఎంత వచ్చింది? 11√8ని విప్పితే 22√2. అదే ఇది. 11√8 అని వదిలేసి ఉంటే రెండూ ఒకటేనని తట్టేది కాదు, విప్పినందుకే కనిపించింది. విప్పడం అంటే పుస్తకం అడిగింది కాబట్టి చేసే చాకిరీ కాదు, రెండు వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన సంఖ్యలు ఒకటేనా కాదా తేల్చేది అదే.

ఇంతకీ కరణీయ సంఖ్య (irrational), అకరణీయ సంఖ్య (rational) అనే పేర్లతో తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియంకి మారిన పిల్లలు కొంత తికమక పడతారు, ఎందుకంటే తెలుగులో 'అ' ఉన్నది మామూలు భిన్నాలకి, ఇంగ్లిష్‌లో 'కాదు' అనే ముక్క తగిలించింది √2 లాంటివాటికి. కరణి ఉన్నది కరణీయం, లేనిది అకరణీయం అని గుర్తుపెట్టుకుంటే ఆ రెండు పేర్లు తారుమారు కావు.

శుల్బ సూత్రాల్లో √2కి ఒక విలువ కూడా ఇచ్చారు. బౌధాయనుడిదీ ఆపస్తంబుడిదీ ఒకటే సూత్రం (మన దగ్గర చాలా ఇళ్లలో ప్రవర చెప్పేటప్పుడు 'ఆపస్తంబ సూత్రః' అని వినిపించేది ఆ పేరే). కొలతకి దాని మూడో వంతు కలుపు, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలుపు, ఆ చివరిదాంట్లో ముప్పై నాలుగో వంతు తీసెయ్యి. లెక్కేస్తే 577/408, అంటే 1.4142157 చిల్లర. అసలు √2 1.4142136. తాళ్లూ మేకులతో పనిచేసేవాళ్లకి ఇంత సూక్ష్మం ఎందుకు కావాల్సి వచ్చిందా అని మొదట ఆశ్చర్యపోయాను గానీ, సైట్లో నాకు జరిగింది గుర్తొచ్చాక ఆశ్చర్యం పోయింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గోడౌన్‌కి ముగ్గు పోయించాలి. 40 అడుగుల నలుచదరం. మూల నుంచి మూలకి ఎంత రావాలో చెప్పమని మేస్త్రీ అడిగితే √2 అంటే 1.4 కదా అని నలభైతో గుణించి 56 అడుగులు అని చెప్పాను. ఆయన నాలుగు పక్కలూ నలభై పెట్టి, ఒక కర్ణం 56కి లాగి, మేకులు కొట్టి, దారం కట్టాడు. తర్వాత రెండో కర్ణం పట్టి చూస్తే 57 అడుగుల ఒకటిన్నర అంగుళం వచ్చింది. ఒకటి 56, ఒకటి 57 పైన. ఆయన టేపు అక్కడే కింద పెట్టి, "సార్, ఇది చదరం కాదు, పక్కకి వాలింది" అన్నాడు. 40√2 అసలు విలువ 56 అడుగుల ఆరు అంగుళాల ముప్పావు పైచిలుకు, నేను దాదాపు ఏడు అంగుళాలు తినేశాను. మేకులన్నీ పీకి మళ్లీ కొట్టాల్సి వచ్చింది, సగం రోజు పోయింది, నలుగురు కూలీలు అలా నిలబడి ఉండిపోయారు, నాకు ఆ రోజు అన్నం సహించలేదు. ఆపస్తంబుడి లెక్కతో చేసి ఉంటే నలభై అడుగుల చదరంలో వెంట్రుక మందమంత తేడా కూడా వచ్చేది కాదు.

అప్పటినుంచి నా పద్ధతి ఒకటే. లెక్క నడుస్తున్నంతసేపు √ని √గానే ఉంచుతాను. దశాంశంగా మార్చడం ఆఖరున, టేపు చేతిలోకి తీసుకునే ముందు, ఒక్కసారే. మధ్యలో మార్చి ముక్కలు కోసుకుంటూ పోతే ఆ కోసిన ముక్కలన్నీ కలిసి ఎంతవుతాయో ఎవరూ చెప్పలేరు.

జిరాక్స్ షాపులో కూడా ఇది కనిపిస్తుంది. ఏ3 కాగితాన్ని ఏ4కి తగ్గించమంటే షాపువాళ్లు 71 శాతం అని నొక్కుతారు. ఆ 71 మన √2 నుంచి వచ్చిందే. ఏ4 కాగితం 210 మిల్లీమీటర్లు, 297 మిల్లీమీటర్లు, పొడవుని వెడల్పుతో భాగిస్తే దాదాపు √2. అందుకే సగానికి మడిచినా ఆకారం మారదు. వైశాల్యం సగం కావాలంటే పక్క 1/√2 కావాలి. దీన్ని పైనా కిందా √2తో గుణిస్తే √2/2. హారంలో కరణి లేకుండా చేయడం అని పాఠంలో చెప్పేది ఇదే, చాలామంది ఇదెందుకో అర్థంకాక చేస్తారు. క్యాలిక్యులేటర్ లేని రోజుల్లో 1ని 1.41421తో భాగించమంటే ప్రాణం పోయేది, అదే 1.41421ని 2తో భాగించమంటే నోటితో చెప్పేయొచ్చు, 0.7071. రెండుసార్లు తగ్గిస్తే సరిగ్గా సగం కొలత రావాలి, √2/2ని √2/2తో గుణిస్తే 2/4, అంటే 1/2. అదే 0.71ని 0.71తో గుణిస్తే 0.5041, ఆ చిల్లర 0.7071ని మధ్యలో 0.71గా కుదించినందుకు వచ్చిందే.

హారంలో √5 + √3 లాంటిది ఉంటే ఒక్క √తో గుణిస్తే పోదు. దాని జోడీ √5 − √3తో గుణించాలి, అప్పుడు మధ్యలో √15లు రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని 5 − 3, 2 మిగులుతుంది. ఇది ఎంత అందంగా ఉంటుందంటే, రెండు కరణీయ సంఖ్యల్ని గుణిస్తే కరణి ఆనవాలే లేని 2 వచ్చింది. అదే (√3 + √2)ని వర్గం చేస్తే మాత్రం మధ్య పదం పోదు, 5 + 2√6 వస్తుంది. ఇక్కడ 5 అని మాత్రమే రాసేవాళ్లకి మళ్లీ ఆ కూడిక గండమే తగిలిందన్నమాట.

భాస్కరాచార్యుడు 1150లో రాసిన బీజగణితంలో కరణులకి ప్రత్యేకంగా లెక్కలున్నాయి. 2, 8 కరణులు కలిపితే ఎంత, 3, 27 కలిపితే ఎంత, 3, 7 కలిపితే ఎంత అని. ఆయన పద్ధతిలో లోపలి సంఖ్యలు కూడి, వాటి లబ్ధం వర్గమూలానికి రెట్టింపు దానికి చేర్చాలి. 2 + 8 అంటే 10, 2 ఎనిమిదులు 16, దాని మూలం 4, రెట్టింపు 8, మొత్తం 18. √2 + √8 = √18. మన పద్ధతిలో √8 అంటే 2√2, దానికి ఒక √2 కలిపితే 3√2, అదీ √18యే. అలాగే √3 + √27 = √48, మనకి 4√3. మరి √3, √7? వాటి లబ్ధం 21, దానికి పూర్ణాంకంగా మూలం లేదు, కాబట్టి అవి కలవవు, విడిగానే రాసి ఉంచాలి. తొమ్మిది వందల ఏళ్ల కింద ఆయన ఎంచుకున్న ఆ మూడు జతలు చూడండి, రెండు కలిసేవి, ఒకటి కలవనిది. పాఠం చెప్పడం తెలిసినవాళ్ల ఎంపిక అది.

ఇంటర్‌కి వెళ్లేవాళ్ల కోసం ఒక హెచ్చరిక. లోపల రుణ సంఖ్యలుంటే ఈ గుణకార సూత్రం పనిచేయదు. √−2ని √−8తో గుణించమంటే గుర్తులు కలిపేసి √16, 4 అంటారు. జవాబు −4. వాస్తవ సంఖ్యల్లో అసలు √−2 అనేదే లేదు. రుణ సంఖ్య స్వభావరీత్యా వర్గం కాదు కాబట్టి దానికి వర్గమూలం ఉండదని తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు తేల్చి చెప్పాడు (పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చింది ఆయన గణితసార సంగ్రహాన్నే). సంకీర్ణ సంఖ్యలు వచ్చాక దానికి అర్థం ఇచ్చుకున్నాం గానీ, ఆ అర్థంతో పాత సూత్రం రాదు. లోపల ఉన్న రుణ గుర్తుల్ని ముందే √−1గా బయటికి తీసి (దాన్ని i అంటారు, i × i = −1), తర్వాతే గుణించాలి. ఇక్కడా మొదట విప్పాలనే మాటే. ఇంకోటి, −5ని వర్గం చేసి మళ్లీ మూలం తీస్తే −5 రాదు, 5 వస్తుంది. అందుకే x² లాంటి అక్షరాల వర్గానికి మూలం తీసినప్పుడు |x| అని పరమ మూల్యం గీతలు (రుణ గుర్తు లేని విలువ అని చెప్పేవి) పెట్టమంటారు.

వర్గమూలాన్ని ఘనమూలంతో గుణించాల్సి వస్తే? √2 × ∛2 లాంటిది. రెండింటి గుర్తులు వేరు, కాబట్టి నేరుగా కలపకూడదు. రెండింటినీ ఆరో మూలాలు చేయాలి, √2 అంటే 8కి ఆరో మూలం, ∛2 అంటే 4కి ఆరో మూలం, గుణిస్తే 32కి ఆరో మూలం. భిన్నాలు కూడేటప్పుడు హారాలు సమానం చేస్తాం కదా, అలాంటిదే.

ఆ సాయంత్రం హోంవర్క్ అయిపోయాక పిల్ల నాన్నని పట్టుకుంది. "తాతా, మన పొలం ఎంత?" "ఎకరం ఇరవై గుంటలు." అంటే అరవై గుంటలు. నోట్‌బుక్ వెనక పేజీలో 11√60 అని రాసి, నా వైపు చూసి, కొట్టేసి 22√15 అని రాసింది. "నలుచదరమైతే పక్కకి 22√15 గజాలు తాతా." "అంటే ఎన్ని గజాలే?" అని నాన్న అడిగితే అప్పుడు ఫోన్ తీసుకుంది, 85.2. "చదరం ఎక్కడిది, మనది పొడుగ్గా ఉంటది. వెడల్పు రెండు గొలుసులు, నలభై నాలుగు గజాలు" అన్నాడు నాన్న. అరవై గుంటలంటే 7260 చదరపు గజాలు, దాన్ని 44తో భాగించింది, 165. "ఇందులో రూట్ లేదే" అంది కాస్త నిరాశగా.

కాసేపాగి, "మూల నుంచి మూలకైతే?" అని తనే మొదలుపెట్టింది. 44, 165 రెండూ పదకొండుతో పోతాయి, 4, 15. వాటి వర్గాలు 16, 225, కూడితే 241. 11√241 అని రాసి, 241ని విప్పడానికి కూర్చుంది. 2తో పోలేదు, 3తో పోలేదు, 5, 7, 11, 13 అన్నీ పక్కన భాగించి చూసుకుంది. "జత కాదు కదా బాబాయ్, అసలు దేంతోనూ పోవట్లేదు" అని 11√241 చుట్టూ ఒక గడి గీసి పుస్తకం మూసింది.